మూడో గ్లాసు: సి.వి. రామన్ జీవితాన్ని బడిలో ప్రయోగాలతో చెప్పడం ఎలా

ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం, దగ్గరపడిందంటే చాలా బళ్లలో జరిగేది ఒకటే. రామన్ ఫొటోకి దండ వేస్తాం, ఒక పిల్లవాడితో వ్యాసం చదివిస్తాం, క్విజ్ పెట్టి బహుమతులు ఇస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పడం నాకిది ఇరవై రెండో ఏడు. ఒక ఏడాది తొమ్మిదో తరగతిలో నా ఉపన్యాసం అయ్యాక వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. "ద్రవంలోకి పంపిన కాంతి రంగు మారి వచ్చిందన్నారు కదా మేడం, అది నీళ్లలో ఉన్న మురికి వల్ల కాదని ఆయనకెలా తెలిసింది?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. నోబెల్ వచ్చిన సంవత్సరం తెలుసు, భారతరత్న వచ్చిన సంవత్సరం తెలుసు. ఆ అబ్బాయి అడిగింది మాత్రం తెలియదు. ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, కలకత్తాలో రామన్, ఆయన శిష్యులు 1923 నుంచి 1928 వరకు తలలు బద్దలు కొట్టుకున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే అని. అప్పటినుంచి రామన్ జీవితాన్ని ఆ ప్రశ్న చుట్టూనే చెబుతున్నాను, పిల్లల చేత చేయిస్తూ చెబుతున్నాను. నా పద్ధతి ఇది. రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి, ఒక్క పీరియడ్‌లో అవదు.

ముందురోజే సిద్ధం చేసుకోవాల్సినవి

పక్కలు చదునుగా ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు రెండు. గుండ్రటి గ్లాసులైనా పనికొస్తాయి గానీ వాటి వంపుల్లో కాంతి చెదిరి పిల్లలను తికమక పెడుతుంది. పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను వీటిని గ్లాసులనే అంటాను. తర్వాత నీలం ఎల్‌ఈడీ టార్చి ఒకటి, మామూలు తెల్ల టార్చి ఒకటి, పసుపు రంగు జిలటిన్ కాగితం, ఒక డ్రాపర్, రెండు చెంచాల పాలు, పసుపు రంగు హైలైటర్ పెన్ను, లోపల నల్లగా ఉండే వెడల్పాటి ట్రే, ఒక రూపాయి బిళ్ల.

వీటన్నిటికంటే ముఖ్యమైనది పోలరాయిడ్ ముక్క, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పల్చటి పొర. అదెక్కడ దొరుకుతుందని చాలామంది టీచర్లు అడుగుతారు. పాడైపోయిన క్యాలిక్యులేటర్ విప్పండి, అంకెలు కనిపించే గాజు మీద పల్చటి బూడిదరంగు పొర అతికించి ఉంటుంది. గోరుతో ఒక మూల లేపి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. జిగురు మిగిలితే స్పిరిట్ తడిపిన దూదితో తుడవండి. త్రీడీ సినిమా కళ్లద్దాలు కూడా వాడొచ్చు, కానీ వాటిని తిరగేసి, అంటే కంటి వైపు ఉండాల్సిన ముఖం కాంతి వైపు ఉండేలా పట్టుకోవాలి. మామూలుగా పెట్టుకుని చూస్తే అవి ఈ పనికి రావు, పిల్లలు ఏమీ మారలేదంటారు. సరైనదో కాదో తేల్చుకోవాలంటే, ముక్కను ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక స్థితిలో తెర నల్లబడితే మీ ముక్క మంచిదే.

గదిని చీకటి చెయ్యాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొదటిసారి నేను కిటికీ తలుపులు మూసి సరిపోతుందనుకున్నాను, సందుల్లోంచి వచ్చిన వెలుతురుకే సగం ప్రయోగం కనబడకుండా పోయింది. ఇప్పుడు కిటికీలకు నల్లచార్టులు అంటించి, తలుపుకి మందపాటి దుప్పటి కట్టిస్తాను. పిల్లలను చీకట్లో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెడతాను. కన్ను చీకటికి అలవాటు పడాలి. రామన్ బృందానికి కూడా కన్నే ప్రధానమైన పరికరం. ఆ ఐదు నిమిషాల్లోనే కథ మొదలుపెట్టొచ్చు.

రెండు హెచ్చరికలు. లేజర్ పాయింటర్ పిల్లల చేతికి ఇవ్వొద్దు. రామన్ వాడారు కదా అని బెంజీన్‌ను తరగతి గదిలోకి తేవొద్దు, అది క్యాన్సర్ కలిగించే పదార్థం.

పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి

1888 నవంబరు 7, తిరుచిరాపల్లి అని మొదలుపెట్టామంటే పిల్లల కళ్లు ఆ క్షణానే మసకబారతాయి. నేను ఒక గుమస్తా రోజుతో మొదలుపెడతాను. కాదు, గుమస్తా కూడా కాదు, అంతకంటే చాలా పెద్ద ఉద్యోగం. 1907, కలకత్తా. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఆర్థికశాఖ పరీక్షలో దేశంలో మొదటివాడిగా వచ్చి అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. పగలంతా లెక్కల పుస్తకాలు. ట్రాంలో వస్తూ పోతూ బౌబజార్ వీధిలో ఒక బోర్డు చూశాడు: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు 1876లో పెట్టిన సంస్థ అది. దిగి వెళ్లి తలుపు తట్టాడు. తీసినవాడు ఆశుతోష్ డే. ఆ తర్వాత ఏళ్ల తరబడి రామన్ ప్రయోగాలకు పరికరాలు అమర్చి పెట్టింది ఆయనే. ఆయన పేరు పిల్లలకు తప్పకుండా చెప్పండి.

పొద్దున్నే లేచి లాబ్, తర్వాత ఆఫీసు, సాయంత్రం మళ్లీ లాబ్. పదేళ్లు ఇలాగే గడిచాయి. మధ్యలో రంగూన్‌కీ నాగపూర్‌కీ బదిలీలయ్యాయి. 1917లో అశుతోష్ ముఖర్జీ పిలిచి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తానంటే, బాగా తక్కువ జీతమైనా రామన్ సర్కారీ ఉద్యోగం వదిలేశారు. ఇక్కడ ఆగి, "మీరైతే వదిలేస్తారా?" అని అడగండి. మా పిల్లల్లో ఎక్కువమంది నిజాయితీగా "వదలం మేడం" అంటారు. ఆ జవాబు తప్పని సరిదిద్దకండి. ఆ మాట అన్నవాళ్లకే ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది.

అప్పుడు వెనక్కి వెళ్లండి. ఉత్తరాంధ్ర పిల్లలకైతే ఈ భాగం కాస్త నిదానంగా చెప్పండి. రామన్‌కు మూడు నాలుగేళ్ల వయసులో, 1892లో, తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. రామన్ చదివింది అక్కడి సెయింట్ అలోషియస్ హైస్కూల్లో. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్, తర్వాత ఏవీఎన్ కాలేజీలోనే ఇంటర్మీడియట్ స్థాయి చదువు. అక్కడినుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. 1906లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ఆయన మొదటి పరిశోధన పత్రం ఫిలసాఫికల్ మేగజీన్‌లో అచ్చయింది. దీర్ఘచతురస్రాకారపు సన్నని రంధ్రం గుండా కాంతి ఏటవాలుగా వెళ్తే పడే పట్టీల గురించి రాశారు.

సంగీతం తెలిసిన పిల్లలు ఉంటే ఇంకో ఐదు నిమిషాలు తీసుకోండి. కాంతికి ముందు రామన్ మనసంతా శబ్దం మీదే ఉండేది. వయొలిన్ తీగ కమాను కింద ఎలా కదులుతుందో చూశారు. మృదంగం కుడివైపు తోలు మీద మధ్యలో నల్లటి ముద్ద ఎందుకుంటుందో చూశారు. మామూలు డప్పు తోలు కొడితే వచ్చే పైస్వరాలు మూలస్వరానికి పూర్ణాంకాల లెక్కలో కుదరవు. మృదంగం, తబలాల్లో ఆ నల్లటి ముద్ద బరువు వాటిని కుదిర్చి తీగ వాయిద్యంలాంటి స్వరం తెస్తుందని చూపించారు. ఎవరైనా తబలా తెస్తే దాన్నీ ఒక మామూలు డప్పునీ పక్కపక్కన వాయించి వినిపించండి, ఇంకేమీ వివరించక్కర్లేదు.

ఓడ మీద చేసిన పని: ట్రే, రూపాయి బిళ్ల

1921 వేసవిలో రామన్ మొదటిసారి ఇంగ్లండు వెళ్లారు, ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల సభకు. మధ్యధరా సముద్రం ముదురు నీలం ఆయన్ని పట్టేసింది. సముద్రం నీలంగా కనిపించేది ఆకాశపు రంగు నీటి మీద ప్రతిబింబించడం వల్లనే అని ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ అంతకుముందే చెప్పి ఉన్నారు. రామన్‌కు అది మింగుడుపడలేదు. తిరుగు ప్రయాణంలో, నర్కుండా ఓడ మీద, జేబులో ఉన్న నికల్ పట్టకంతో, అంటే మన పోలరాయిడ్ పనే చేసే స్ఫటికంతో, పరీక్ష చేశారు. నీటి ఉపరితలం నుంచి ఒక ప్రత్యేక కోణంలో వచ్చే ప్రతిబింబం ధ్రువణం చెంది ఉంటుంది, అంటే ఆ కాంతి ఒకే దిశలో కంపిస్తుంది, దాన్ని పట్టకంతో కోసెయ్యొచ్చు. కోసేశాక కూడా సముద్రం నీలంగానే ఉంది. ఇంకా ముదిరింది కూడా. అంటే ఆ నీలం ఆకాశం అప్పిచ్చింది కాదు, నీటి లోపలినుంచి వస్తోంది. ఓడ బొంబాయి చేరేసరికి నేచర్ పత్రికకు ఉత్తరం సిద్ధంగా ఉంది.

దీన్ని పిల్లల చేత చేయించడం చాలా తేలిక. ఈ ఒక్కదానికి చీకటి వద్దు, ఒక కిటికీ చార్టు తీసేయండి. నల్ల ట్రేలో నీళ్లు పోసి అడుగున రూపాయి బిళ్ల వెయ్యండి. కిటికీ ప్రతిబింబం సరిగ్గా బిళ్ల మీద పడేలా పిల్లవాణ్ని నిలబెట్టండి, బిళ్ల కనిపించదు. నీటి మట్టం నుంచి దాదాపు 37 డిగ్రీల ఎత్తులో కన్ను ఉండాలి. కోణమానిని, ఒక దారం ఉంటే కోణం కొలిచేయొచ్చు. ఇప్పుడు కంటి ముందు పోలరాయిడ్ తిప్పమనండి. ఒక స్థితిలో కిటికీ మాయమై బిళ్ల బయటపడుతుంది. ఆ క్షణంలో పిల్లలు "ఆఁ" అంటారు చూడండి, నేను ఏటా ఎదురుచూసేది దానికోసమే. ఒక్కొక్కరూ చూసేదాకా ముందుకెళ్లకండి.

ఇక్కడే ఒక తప్పును మొదట్లోనే తుంచెయ్యాలి. "సముద్రం నీలంగా ఉండటానికి కారణం రామన్ ఎఫెక్ట్" అని పిల్లల వ్యాసాల్లో, కొన్నిసార్లు మన టీచర్ల నోట కూడా వింటాం. అది తప్పు. రామన్ ఎఫెక్ట్ అంటే కాంతి రంగు మారడం, అది సముద్రపు రంగును నిర్ణయించలేనంత బలహీనమైనది. సముద్రపు నీలానికి రంగు మారకుండా కాంతి చెదరడం, అంటే మామూలు పరిక్షేపణం, ఒక కారణం. నీరు ఎరుపు కాంతిని కొంచెం కొంచెంగా పీల్చేసుకోవడం ఇంకో పెద్ద కారణం. సముద్రం రామన్‌ను ఆ దారిలోకి నడిపించింది, అంతవరకే చెప్పండి.

రెండు గ్లాసులు, ఒక ఖాళీ గడి

ఇక అసలు ప్రయోగం. మళ్లీ చీకటి చెయ్యండి. మీ సమయంలో సగం దీనికే ఉంచండి.

మొదటి గ్లాసులో 200 మి.లీ. నీళ్లకు ఒక్క చుక్క పాలు, కలపండి. పక్కనుంచి టార్చి వేస్తే నీళ్లలో కాంతి దారి ఒక గీతలా కనిపించాలి. గీత బదులు గ్లాసంతా తెల్లగా వెలిగితే పాలు ఎక్కువైనట్టు, సగం పారబోసి నీళ్లు కలపండి. తెల్ల టార్చితో ముందు చూపించండి. పక్కనుంచి చూస్తే గీత నీలి ఛాయలో ఉంటుంది. ఎదురుగా తెల్ల కాగితం పెడితే దాటొచ్చిన వెలుగు పసుపు ఛాయకు తిరుగుతుంది, ఇంకొన్ని చుక్కలు వేసుకుంటూ పోతే నారింజ రంగు వస్తుంది. పదో తరగతి వాళ్లకు ఇది పాఠంలో ఉన్నదే. చూపించాక ఒక్క చుక్క పాలతో గ్లాసు మళ్లీ తయారు చెయ్యండి.

రెండో గ్లాసులో అంతే నీళ్లు, హైలైటర్ మొనను రెండు మూడు సెకన్లు ముంచి తీయండి. చాలా కొద్దిగా చాలు.

ఇప్పుడు నీలం టార్చి. బోర్డు మీద గడులు గీయండి, రెండు ప్రశ్నలతో: "రంగు మారిందా?", "ధ్రువణం ఉందా?" కింద మూడు వరుసలు గీయండి. మూడో వరుస ఎందుకని అడుగుతారు, చెప్పకండి.

మొదటి ప్రశ్నకు జవాబు జిలటిన్ కాగితం చెబుతుంది. పసుపు జిలటిన్‌ను రెండు మడతలు పెట్టి, ముందుగా దాని గుండా టార్చి కొడుతున్న గోడను చూడమనండి. నీలం వెలుగు దాదాపు కనిపించకుండా పోవాలి. ఇంకా కనిపిస్తే మరో మడత. రామన్ లాబ్‌లోనూ ఇదే ఉపాయం. సూర్యకాంతిని పెద్ద కటకంతో పోగుచేసి, ఊదా నీలం కాంతిని మాత్రమే పంపే ఫిల్టర్ ఒకటి ద్రవానికి ముందు పెట్టారు. దాన్ని పూర్తిగా ఆపేసే పసుపు ఆకుపచ్చ ఫిల్టర్ కంటి దగ్గర పెట్టారు. రెండూ కలిపితే ఏ వెలుగూ రాకూడదు. అయినా ద్రవంలో గీత కనిపించిందంటే, ద్రవంలోకి వెళ్లిన కాంతి వేరే రంగుగా మారి బయటికొచ్చిందన్నమాటే.

జిలటిన్ గుండా పాల గ్లాసు చూస్తే గీత చచ్చిపోతుంది. రంగు మారలేదు. హైలైటర్ గ్లాసు చూస్తే పచ్చపసుపుగా వెలుగుతూనే ఉంటుంది. రంగు మారింది. దీన్ని ప్రతిదీప్తి అంటారు. రంగు అణువు నీలం కాంతిని మింగి, కాసేపు దాచుకుని, తక్కువ శక్తి ఉన్న రంగును వదులుతుంది.

రెండో ప్రశ్నకు పోలరాయిడ్. గీతకు లంబంగా, పక్కనుంచి చూస్తూ తిప్పాలి. పాల గ్లాసులో గీత ఒకసారి వెలుగుతుంది, ఒకసారి మసకవుతుంది. ధ్రువణం ఉంది. హైలైటర్ గ్లాసును మాత్రం జిలటిన్ అడ్డం పెట్టుకునే చూడాలి. లేకపోతే చెదిరే నీలం కాంతి కలిసి తప్పు జవాబిస్తుంది. తిప్పండి. ఏమీ మారదు. మింగి దాచుకునే ఆ కాసేపట్లో అణువు నీళ్లలో గిరగిరా తిరిగిపోతుంది, కాంతి ఏ దిశలో కంపిస్తూ వచ్చిందో అన్న గుర్తు చెరిగిపోతుంది.

బోర్డు మీద రెండు వరుసలు నిండాయి. పాలు: రంగు మారలేదు, ధ్రువణం ఉంది. హైలైటర్: రంగు మారింది, ధ్రువణం లేదు.

ఇప్పుడు 1923లోకి వెళ్లండి. రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీటి మీద పరిక్షేపణ ప్రయోగాలు చేస్తుండగా అడ్డు ఫిల్టర్ దాటి చాలా మందమైన వెలుగు ఒకటి కనిపించింది. ఎవరైనా ఏమనుకుంటారు? మా వెనక బెంచీ అబ్బాయి అనుకున్నదే అనుకున్నారు: నీళ్లలో ఏదో మలినం ఉంది, దాని ప్రతిదీప్తి ఇది, అంటే రెండో గ్లాసు. మలినమైతే శుద్ధి చేస్తే పోవాలి. ద్రవాలను మళ్లీ మళ్లీ స్వేదనం చేశారు. వెలుగు పోలేదు. 1925లో ఇంకో శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ ఇతర ద్రవాల్లోనూ దాన్ని చూశారు. 1927 చివర్లో అదే లాబ్‌లోని వెంకటేశ్వరన్ శుద్ధమైన గ్లిజరిన్‌తో చేస్తే నీలంగా ఉండాల్సిన వెలుగు పచ్చగా కనిపించింది, పైగా అది గట్టిగా ధ్రువణం చెంది ఉంది.

ఇక్కడ మాట్లాడటం ఆపండి. సుద్దముక్క ఒక పిల్లకు ఇచ్చి మూడో వరుస నింపమనండి. రంగు మారింది, ధ్రువణం ఉంది. అది పాల గ్లాసూ కాదు, హైలైటర్ గ్లాసూ కాదు. మన బల్ల మీద లేని మూడో గ్లాసు. పిల్లలు దాన్ని తామే రాశాక, కలకత్తాలో ఆ వారాల్లో ఎంత ఉత్కంఠ ఉండి ఉంటుందో మనం వర్ణించి చెప్పాల్సిన పని ఉండదు.

టీచర్లకు మాత్రం ఒక మాట. గ్లిజరిన్ చిక్కగా ఉంటుంది, చిక్కటి ద్రవంలో అణువు తేలిగ్గా తిరగలేదు కాబట్టి మామూలు ప్రతిదీప్తికీ కొంత ధ్రువణం మిగలొచ్చు. తెలివైన పిల్లలు ఈ అనుమానం అడగొచ్చు, ఒక్కసారి నన్ను అడిగారు కూడా. అందుకే 1928 ఫిబ్రవరిలో కృష్ణన్‌ను రామన్ మళ్లీ ప్రయోగాల్లోకి దింపినప్పుడు ఆయన గ్లిజరిన్‌తో ఆగలేదు. పల్చటి ద్రవాలు, చివరికి ఆవిరులు కూడా పరీక్షించారు. దాదాపు 60 ద్రవాల్లో అదే కనిపించింది. ఫిబ్రవరి 16న రామన్, కృష్ణన్ ఇద్దరి పేర్లతో నేచర్‌కు ఉత్తరం వెళ్లింది. ఈ కారణంగానే పసుపు కలిపిన నూనెను హైలైటర్ బదులు వాడొద్దంటాను. అందంగా వెలుగుతుంది గానీ ధ్రువణం పరీక్షలో గందరగోళం చేస్తుంది.

మరి 28న జరిగిందేమిటి? కాంతిని రంగులుగా విడదీసి చూపే చిన్న వర్ణపటదర్శినిని చేత్తో పట్టుకుని ఆ వెలుగును చూశారు. మారిన కాంతి అసలు కాంతికి అంటుకుని లేదు, మధ్యలో చీకటి పట్టీతో విడిగా కనిపించింది. మర్నాడు పత్రికలకు చెప్పారు. 1928 లీపు సంవత్సరం, ఆ మర్నాడు ఫిబ్రవరి 29. పిల్లలు ఈ వివరాన్ని ఎన్నాళ్లయినా మర్చిపోరు. తర్వాత పాదరసపు దీపం వెలుగుతో ఫొటోలు తీస్తే స్పష్టమైన గీతలుగా వచ్చాయి.

రంగు ఎందుకు మారింది: బస్సు టికెట్టు

దీనికి నేను వాడే పోలిక బస్సు టికెట్టు. మీరు వంద నోటు ఇస్తారు, కండక్టరు టికెట్టు డబ్బు తీసుకుని మిగిలింది తిరిగిస్తాడు. ఐదొందల నోటు ఇచ్చినా టికెట్టు ధర అంతే, అది ఊరిని బట్టి ఉంటుంది గానీ నోటును బట్టి కాదు. కాంతి అణువును తాకినప్పుడు కొద్ది శక్తిని అణువు కంపనానికి టికెట్టుగా చెల్లించి మిగతాదానితో బయటికొస్తుంది. శక్తి తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది, అంటే రంగు మారుతుంది. ఒక్కో పదార్థానికి దాని టికెట్టు ధరలు దానికున్నాయి. అందుకే తిరిగొచ్చిన చిల్లర చూసి లోపలున్నది ఏ పదార్థమో చెప్పేయొచ్చు.

పదో తరగతికి ఒక లెక్క ఇవ్వండి. పాదరసపు దీపం ఊదా గీత 435.8 నానోమీటర్లు. బెంజీన్‌లో కార్బన్, హైడ్రోజన్ బంధం కంపనానికి టికెట్టు చెల్లించాక వచ్చే గీత దాదాపు 503 నానోమీటర్లు. ఒకటి ఊదా నీలం, ఇంకోటి పచ్చ. పచ్చ ఫిల్టర్ గుండా ఎందుకు కనిపించిందో పిల్లలే చెబుతారు. మన ఇంటి సామానుతో మాత్రం ఇది కనబడదు. కోట్ల ఫోటాన్లలో, అంటే కాంతి రేణువుల్లో, ఏ ఒక్కటో ఇలా మారుతుంది. కాబట్టి పాల గ్లాసు చూపించి "ఇదే రామన్ ఎఫెక్ట్" అని ఎప్పుడూ అనకండి. మనం చూపిస్తున్నది ఆయన ఒక్కొక్కటిగా కొట్టేసిన జవాబులు.

ఆ తర్వాతి జీవితం

1929లో సర్ బిరుదు, 1930లో నోబెల్, 1954లో భారతరత్న. వీటికి ఒక్క నిమిషం చాలు. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్లారు. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, 1948లో తన సొంత పరిశోధన సంస్థ స్థాపించారు. వజ్రాలు, రత్నాలు, పువ్వుల రంగులు, ఇవే చివరిదాకా ఆయన లోకం. 1970 నవంబరు 21న కన్నుమూశారు. మన తెలుగువాడు సూరి భగవంతం అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరి, తర్వాత అదే బెంగళూరు సంస్థకు డైరెక్టరు అయ్యారు. ఈయన గురించి ఒక పిల్లవాణ్ని విడిగా చదివి రమ్మంటే బావుంటుంది.

నోబెల్ ఒక్క రామన్‌కే వచ్చింది. కృష్ణన్ పేరు ప్రశ్నపత్రాల్లో రాదు, కాబట్టి మనమే చెప్పాలి. ఆ చీకటి గదిలో రోజుల తరబడి కళ్లు పెట్టి చూసినవారు ఆయన. తర్వాత 1947లో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి మొదటి డైరెక్టరు అయ్యారు. అదే రోజుల్లో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే దృగ్విషయాన్ని చూశారని కూడా చెప్పండి. రామన్ గొప్పతనం దాంతో తగ్గదు.

మా తరగతిలో సగం పైగా ఆడపిల్లలు. వాళ్లకు ఇంకో సంగతి దాచకుండా చెబుతాను. 1933లో కమలా సొహోనీ బెంగళూరు సంస్థలో చేరడానికి వస్తే, ఆడపిల్ల అని రామన్ మొదట వద్దన్నారు. ఆమె పట్టుబట్టి కూర్చుంటే ఏడాది పరిశీలన మీద షరతులతో చేర్చుకున్నారు. ఆమె నెగ్గింది, తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది. 1940ల్లో అన్నా మణి రామన్ లాబ్‌లోనే వజ్రాలు, కెంపుల మీద పనిచేసి, తర్వాత మన దేశపు వాతావరణ పరికరాల తయారీకి పెద్ద దిక్కయ్యారు. కొందరు టీచర్లు "పిల్లల ముందు మహనీయుల తప్పులు ఎందుకండీ" అంటారు. నా అనుభవం వేరు. కమలా సొహోనీ కథ చెప్పిన రోజు ఆడపిల్లలు అడిగినన్ని ప్రశ్నలు ఇంకే రోజూ అడగలేదు.

సర్దేటప్పుడు

బోర్డు మీది గడులను పిల్లలు నోట్సులో ఎక్కించుకునేదాకా చెరపకండి. ఎవరికి ఏది కనిపించలేదో అది కూడా రాయమనండి. "నాకు తేడా తెలియలేదు" అని రాసినవాళ్లను సాయంత్రం మళ్లీ పిలిచి చూపించండి, తరచుగా పోలరాయిడ్ తప్పు కోణంలో పట్టుకుని ఉంటారు.

పోలరాయిడ్ ముక్కలు లెక్కపెట్టి తీసుకోండి. మూడేళ్ల క్రితం నాకు ఒకటి తక్కువ వచ్చింది. మర్నాడు ఎనిమిదో తరగతి అమ్మాయి తెచ్చి బల్ల మీద పెట్టి, భయం భయంగా నిలబడింది. ఇంటికెళ్తూ చెరువు గట్టున ఆగి చూసిందట. "పొద్దు పడమటికి వాలినప్పుడు తిప్పితే తళుకు పోయి లోపల చేపలు కనిపించాయి మేడం. నడినెత్తిన ఉన్నప్పుడు పనిచేస్తుందా?" అని అడిగింది. అప్పటినుంచి ముక్కలను ఇంకా చిన్నవిగా కత్తిరించి, ఐదుగురికి ఒకటి చొప్పున ఆ రాత్రికి ఇళ్లకే పంపేస్తున్నాను. చెరువు, నీళ్ల తొట్టి, తడిసిన రోడ్డు, ఏది చూసినా సరే, ఏ వేళప్పుడు, ఏ వైపు తిరిగి, ఎంత ఏటవాలుగా చూశారో రాసుకు రమ్మంటున్నాను. నీళ్ల దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా వెళ్లొద్దని మాత్రం రెండుసార్లు చెప్పి పంపండి.